30 ఏళ్లు మందు కొట్టిన చెయ్యి

ఉప్పల్ చౌరస్తాలో బస్సు దిగితే మన జిల్లాల మనుషులే ఎక్కువ కనిపిస్తారు. భువనగిరి, ఆలేరు, జనగామ, వరంగల్ వైపు నుంచి వచ్చేవాళ్లకు హైదరాబాద్ మొదలయ్యేది ఉప్పల్‌లోనే. ఒకప్పుడు కోర్టు వాయిదాకో, పిల్లల చదువుకో దిగేవాళ్లం. ఇప్పుడు చంకలో స్కానింగ్ ఫైలు పెట్టుకుని దిగుతున్నాం.

మొన్న వానాకాలం పనులు అయ్యాక మా సంఘం సభ్యుడు ఒకాయన్ని తీసుకుని మేం ఇద్దరం అలాగే దిగాం. ఆయనకు 61 ఏళ్లు. పత్తి, వరి చేసిన మనిషి. ఏడాదిగా కుడిచెయ్యి ఊరికే ఉన్నప్పుడు వణుకుతోంది. చొక్కా గుండీ పెట్టుకోలేడు. నడిస్తే అడుగు పెద్దగా పడదు. నగరంలో ఒక ఆసుపత్రికి పోతే ముందు ఒక చిన్న డాక్టరు వివరాలు రాసుకున్నాడు. షుగరుందా, బీపీ ఉందా, ఇంట్లో ఇంకెవరికైనా ఈ వణుకు ఉందా అని అడిగి, "మందు కొడతావా పెద్దాయనా?" అన్నాడు. మావాడు ఏమాత్రం తడుముకోకుండా, "30 ఏండ్ల సంది కొడుతున్న సార్, నేనే గాదు, నా భార్య గూడ డబ్బాలు నింపేది" అన్నాడు. డాక్టరు ఒకసారి తలెత్తి చూసి, 30 ఏళ్లుగా మద్యపానం అని కాగితం మీద రాసేశాడు.

మేం పక్కన నిలబడి చదివాం కాబట్టి దొరికింది. పురుగుమందు సారూ, తాగే మందు కాదు అని చెబితే ఆయన మంచివాడే, నవ్వి ఆ మాట కొట్టేశాడు. కొట్టేసిన చోట ఇంకేం రాయలేదు. కాగితంలో మిగిలింది 'వృత్తి: వ్యవసాయం' అన్న ఒక్క ముక్క. పెద్ద డాక్టరు చూసి పార్కిన్సన్స్ అన్నారు, మాత్రలు రాశారు. ఏ మందు, ఎన్నేళ్లు, ఎలా చల్లావు, మాస్కు ఉండేదా అని మాత్రం ఆ గదిలో ఎవరూ అడగలేదు. సారా తాగితే రాసుకోవడానికి గడి ఉంది. మోనోక్రోటోఫాస్ 30 ఏళ్లు పీల్చితే రాసుకోవడానికి గడి లేదు. ఈ వ్యాసం ఆ గడి గురించే.

ముందు జబ్బు సంగతి కొంచెం తెలుసుకుందాం. మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అనే చిన్న పొయ్యిలు ఉంటాయి. తిన్న అన్నాన్ని పీల్చిన ఆక్సిజన్‌తో కలిపి కాల్చి శక్తి తీసేవి అవే. పొయ్యి మండితే నిప్పురవ్వలు ఎగురుతాయి. కణంలో ఎగిరే నిప్పురవ్వల్లో ముఖ్యమైనది సూపర్‌ఆక్సైడ్. మామూలుగా ఒళ్లు ఆ రవ్వల్ని ఎప్పటికప్పుడు ఆర్పేసుకుంటుంది. ఆర్పే శక్తికి మించి రవ్వలు ఎగిరితే కణంలోని కొవ్వు పొరలు, ప్రోటీన్లు, డీఎన్‌ఏ కాలిపోతాయి. దీన్నే శాస్త్రజ్ఞులు ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే గానీ ఒళ్లు వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే పోతుంది. అంటే పొయ్యిలు ఎక్కువగా మండేది అక్కడే. మెదడు అడుగున డోపమైన్ తయారుచేసే కణాల గుంపు ఒకటి ఉంది. మన కదలికలు తిన్నగా ఉండేది దానివల్లే. ఆ కణాలకు ఈ నిప్పు తట్టుకునే శక్తి తక్కువ. వాటిలో సగానికి పైగా చచ్చిపోయాకే చెయ్యి వణకడం బయటపడుతుంది. అందుకే మన సభ్యుడికి జబ్బు నిరుడు వచ్చిందనుకుంటే పొరపాటు. అది ఎన్నో ఏళ్ల కిందటే మొదలై ఉంటుంది.

ఇప్పుడు గడ్డిమందు ఎలా పనిచేస్తుందో చూడండి. పొద్దున పారాక్వాట్ కొడితే సాయంత్రానికి గట్టు మీద గడ్డి మాడిపోతుంది, మనకు ముచ్చటేస్తుంది. అది ఆకులోని ఎలక్ట్రాన్‌ను లాక్కుని ఆక్సిజన్‌కు అంటిస్తుంది. సూపర్‌ఆక్సైడ్ పుడుతుంది. మందు అణువు మాత్రం ఖర్చు కాదు, మళ్లీ ఇంకో ఎలక్ట్రాన్‌ను లాగుతుంది, మళ్లీ అంటిస్తుంది. ఆకు లోపలి నుంచి కాలిపోతుంది. మనిషి కణంలోకి పోయినా దానికి తెలిసిన పని అదొక్కటే. తాగితే ఊపిరితిత్తులు ఎట్లా అయిపోతాయో, విరుగుడు లేక డాక్టర్లు ఎలా చేతులెత్తేస్తారో మన ఊళ్లలో చూడనివాళ్లు లేరు. ఈ మందును ఆపమని తెలంగాణ డాక్టర్లే గొంతెత్తారు. వాళ్లు మాట్లాడేది ఎక్కువగా తాగి చనిపోయే వాళ్ల గురించి. తాగకుండా, ఏళ్లతరబడి కొంచెం కొంచెం పీల్చి, చర్మం మీద పోసుకుని బతికే మన గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

మెదడుకూ ఈ మందుకూ సంబంధం ఉందని ఎవరు అన్నారు అని అడుగుతారు. 1982లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు యువకులు ఉన్నట్టుండి ముసలి పార్కిన్సన్స్ రోగుల్లా బిగుసుకుపోయారు. దొంగచాటుగా తయారైన హెరాయిన్ లాంటి మత్తుమందులో ఎంపీటీపీ అనే రసాయనం కలిసిందని విలియం లాంగ్‌స్టన్ అనే డాక్టరు బృందం పట్టుకుంది. అది మెదడులోకి పోయి మరో పదార్థంగా మారి, డోపమైన్ కణాల్లో దూరి, వాటి మైటోకాండ్రియాను ఆపేసింది. ఆ మారిన పదార్థం నిర్మాణం పారాక్వాట్‌కు చాలా దగ్గర. పైగా దాన్నే ఒకప్పుడు సైపర్‌క్వాట్ పేరుతో గడ్డిమందుగా పరీక్షించి చూశారు! శాస్త్రజ్ఞుల చూపు పొలం మీద పడింది అప్పటి నుంచే.

తర్వాత 2009లో కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీ రైతు ప్రాంతంలో ఒక అధ్యయనం వచ్చింది. ఇంటికి 500 మీటర్ల లోపు పారాక్వాట్, మానెబ్ రెండూ చల్లిన చోట ఉన్నవాళ్లకు పార్కిన్సన్స్ ముప్పు 75 శాతం ఎక్కువని తేలింది. 2011లో అమెరికా రైతుల మీదే ఇంకో అధ్యయనం, పారాక్వాట్ గానీ రొటెనోన్ గానీ వాడినవాళ్లకు ఆ జబ్బు దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువని చెప్పింది. రొటెనోన్ చెట్టు వేళ్ల నుంచి తీసే మందు. సహజమైనది కాబట్టి ఏమీ చేయదు అనే మాటను మన సేంద్రియ మిత్రులు కూడా కాస్త చూసి వాడాలి. మానెబ్‌లో ఉండేది మాంగనీసు. దాని సోదరి మాంకోజెబ్‌ను మిర్చికీ టమాటాకూ మనం నీళ్లలా వాడతాం, అందులోనూ మాంగనీసు ఉంది.

కంపెనీల వాదన కూడా చెప్పాలి, దాచిపెట్టి గెలవాల్సిన అవసరం మనకు లేదు. ఈ మందే ఈ జబ్బు తెచ్చిందని ఏ ఒక్క మనిషి విషయంలోనూ రుజువు కాలేదంటారు. తర్వాత వచ్చిన కొన్ని అధ్యయనాల్లో సంబంధం అంత స్పష్టంగా కనిపించలేదంటారు. అది నిజమే. వయసు, జన్యువులు, తలకు తగిలిన దెబ్బలు, ఇవన్నీ ఈ జబ్బులో కలుస్తాయి. మన సభ్యుడికి ఇది మందు వల్లే వచ్చిందని మేం కూడా ప్రమాణం చేసి చెప్పలేం. కానీ రుజువు లేదంటున్నది ఎవరు? వెతకనివాళ్లు. లెక్క రాయకుండా, రక్తం తీయకుండా, అడగకుండా, చివరికి 'ఆధారాలు లేవు' అనడం ఎట్లా ఉందంటే, తూకం వెయ్యకుండానే తరుగు తీసే వ్యాపారి తీరుగా ఉంది. అంత నమ్మకం ఉన్న సింజెంటా కంపెనీ 2021లో అమెరికాలో పారాక్వాట్ కేసుల రాజీకి 18 కోట్ల 75 లక్షల డాలర్లు ఎందుకు కట్టినట్టు? యూరప్‌లో ఆ మందు 2007లోనే ఆగిపోయింది. బ్రెజిల్, థాయిలాండ్ 2020లో ఆపేశాయి. పంట పండించడం వాళ్లకు రాదా? ఫ్రాన్స్ అయితే 2012లోనే, పురుగుమందులతో పనిచేసిన రైతులకు వచ్చే పార్కిన్సన్స్‌ను వృత్తి జబ్బుగా గుర్తించింది. అంటే అక్కడి రైతు చెయ్యి వణికితే బీమా ఉంటుంది. అక్కడ కూడా రుజువు నూటికి నూరు పాళ్లు రాలేదు. అనుమానం ఉన్నప్పుడు దాని భారం రైతు మీద వెయ్యలేదు, అంతే.

ఇక ఉప్పల్‌కు తిరిగి వద్దాం. ఆ రోజు ఆసుపత్రికి పోయే దారిలో బస్సు కిటికీ లోంచి మావాడికి చూపించుకుంటూ పోయాం. ఉప్పల్‌లో ఇన్నర్ రింగ్ రోడ్డు మీద డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం, సీడీఎఫ్‌డీ ఉంది. చాలా ఏళ్లు అది నాచారంలో నడిచింది. హబ్సిగూడ వైపు పోతే సీసీఎంబీ. ఇంకా ముందుకు పోతే ఐఐసీటీ. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. కణంలో నిప్పు ఎలా పుడుతుందో, డీఎన్‌ఏ ఎలా తెగుతుందో, నాడి ఎలా చస్తుందో చదివినవాళ్లు దేశంలో ఇంత దగ్గర దగ్గరగా ఉన్న రోడ్డు ఇంకోటి ఉండదేమో. మన పన్నులతో కట్టిన రోడ్డది.

వాళ్లు రైతుకు ఏమీ చెయ్యలేదని మేం అనడం లేదు. సాంబ మసూరికి ఎండాకు తెగులు తట్టుకునే గుణం ఎక్కించి మెరుగైన సాంబ మసూరిని తెచ్చింది ఈ సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసే. ఒక తెగులుకు మందు కొట్టే పని తప్పించే విత్తనం అది. ఆ పని చేసిన శాస్త్రజ్ఞులకు దండం పెడతాం. పేదల తిండిలో నాడుల జబ్బు ఉందని తెలిస్తే దాని వెంటపడిన చరిత్ర కూడా మన దేశానికి ఉంది. మధ్యప్రదేశ్‌లో కూలీలకు కూలి కింద కేసరి పప్పు కొలిచేవాళ్లు, అది తినీ తినీ కాళ్లు పడిపోయేవి. ఆ పప్పులోని విషాన్ని 1960ల్లో మన దేశపు శాస్త్రజ్ఞులే పట్టుకున్నారు, తార్నాక పోషకాహార సంస్థ కూడా దాని మీద పనిచేసింది. అప్పుడు కూలీల కాళ్ల గురించి అడిగిన ప్రశ్న ఇప్పుడు మన చేతుల గురించి ఎందుకు అడగరు?

ఇంకో మాట. బాస్మతి బియ్యంలో కల్తీ ఉందా అని డీఎన్‌ఏతో తేల్చడానికి ఎగుమతుల సంస్థ అపెడా, సీడీఎఫ్‌డీ కలిసి ఒక ప్రత్యేక కేంద్రమే పెట్టుకున్నాయి. విదేశాల్లో కొనేవాడికి అనుమానం రాకూడదని. మంచిదే. బియ్యం గింజకు దొరికిన ఆ గౌరవం దాన్ని పండించినవాడి రక్తపు బొట్టుకు కూడా దొరకాలని అడిగితే అత్యాశ అవుతుందా?

హబ్సిగూడ చౌరస్తాలో కుడివైపు తిరిగితే నాచారం. పారిశ్రామికవాడ, రసాయనాల ఫ్యాక్టరీలు, పక్కనే ఈఎస్ఐ ఆసుపత్రి. మేం చెప్పదలచుకున్న అసలు సంగతి ఆ గేటు దగ్గర ఉంది. పురుగుమందు తయారుచేసే ఫ్యాక్టరీలో ఒక కార్మికుడు ఉన్నాడనుకోండి. అతనికి ఈఎస్ఐ ఉంటుంది. 1948 ఫ్యాక్టరీల చట్టమే పాదరసం, ఆర్సెనిక్, భాస్వరం, మాంగనీసు విషప్రభావాలను తప్పనిసరిగా తెలియపరచాల్సిన జబ్బుల పట్టికలో పెట్టింది. మాంగనీసు ఎక్కితే వచ్చేది దాదాపు పార్కిన్సన్స్ లాంటి జబ్బే. పురుగుమందుల తయారీ కార్మికుల రక్తం తీసి డీఎన్‌ఏ ఎంత దెబ్బతిన్నదో ఐఐసీటీ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2003లో ప్రచురించారు, మామూలు మనుషుల కంటే ఎక్కువ దెబ్బతిన్నదని తేల్చారు. ఫ్యాక్టరీ కార్మికుడికి అన్నీ సవ్యంగా జరుగుతున్నాయని మేం అనం, అది కార్మిక సంఘాల మిత్రులకు బాగా తెలుసు. కనీసం కాగితం మీద అతనికి ఒక పేరుంది, అతని జబ్బుకు ఒక వరుస ఉంది. అదే మందు సీసాలోకెక్కి, లారీలో ఉప్పల్ దాటి, మన ఊరి దుకాణం నుంచి చేలోకి వచ్చాక చట్టం కనిపించదు. మాస్కు, గ్లవ్స్ ఉన్న మనిషి దగ్గర ఉన్నది కొలిచిన మోతాదు. లుంగీ కట్టుకుని, తైవాన్ పంపు వీపుకు తగిలించుకుని, గాలికి ఎదురు నడిచే మనిషి మీద పడేదానికి కొలతే లేదు.

1971 నాటి పురుగుమందుల నియమాల్లో మందు తయారీలో ఉన్నవాళ్లతో పాటు చల్లే పనికి పెట్టుకున్న వాళ్లకు కూడా వైద్య పరీక్షలు చెయ్యాలనీ, ఆర్గానోఫాస్ఫేట్లతో పనిచేసేవాళ్లకు రక్తంలో కోలినెస్టరేజ్ చూడాలనీ ఉంది. చదివి మేమే ఆశ్చర్యపోయాం. ఎవరు చేయించాలి? యజమాని. చిన్నరైతుకు యజమాని ఎవరు? తనే. కౌలు రైతుకు? తనే. రోజు కూలికి వచ్చి నాలుగు చేలల్లో మందు కొట్టిపోయే పిల్లగాడికి? నలుగురూ, ఎవరూ కాదు.

ఇక ఆడవాళ్ల సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు ఊళ్లలో పత్తి చేసే 50 మంది మహిళలు తమకూ, తమ ఇంటి మగవాళ్లు 47 మందికీ మందు కొట్టినప్పుడల్లా ఏమైందో ఒక పంట కాలమంతా రాసుకున్నారు. 2005లో అది ప్రచురితమైంది. 323 సార్లు నమోదైతే, 83.6 శాతం సార్లు ఏదో ఒక విషలక్షణం కనిపించింది. 6 శాతం సార్లు నాడుల మీద చాలా తీవ్రమైన ప్రభావం ఉంది. ఆసుపత్రికి పోయినవాళ్లు? ఒక్కరు కూడా లేరు. చిక్కటి మందు కలపడం, డబ్బా నింపడం ఆడవాళ్ల పని, అది మందు కొట్టడమంత ప్రమాదకరమని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. మన సభ్యుడి భార్య 30 ఏళ్లు చేసింది ఆ పనే. ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు. ఆమెకు ఈమధ్య వాసనలు తెలియడం లేదట. పార్కిన్సన్స్‌లో వణుకు కంటే ఏళ్ల ముందు వాసన పోవచ్చని డాక్టర్లు చెబుతారు. ఆమెకు అదే అని మేం అనడం లేదు. చూపించమని మాత్రం చెప్పాం.

ప్రభుత్వం ఏమిస్తోంది? 2018 నుంచి రైతు బీమా ఉంది. రైతు చనిపోతే 5 లక్షలు. పట్టా ఉండాలి, వయసు 18 నుంచి 59 మధ్య ఉండాలి. పార్కిన్సన్స్ ఎక్కువగా వచ్చేది 60 దాటాకే. అంటే ఈ బీమాకు రైతు చావాలి, అది కూడా 60 రాకముందే చావాలి. బతికి, చెయ్యి వణుకుతూ, మాత్రల ఖర్చుకు ఎకరం అమ్ముకునేవాడు ఈ పథకం కంటికి ఆనడు. కౌలుదారు ఎప్పుడూ ఆనలేదు.

కాబట్టి మేం అడిగేది కొత్త చట్టం కూడా కాదు, పాత చట్టమే తెరవమంటున్నాం. 1968 పురుగుమందుల చట్టం 26వ సెక్షన్ ప్రకారం, మందుల వాడకంలో జరిగిన విషప్రభావం కేసులు తమ దృష్టికి వస్తే తెలియజేయాలని రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్‌తో ఆదేశించవచ్చు. మీ ఊరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అలాంటి రిజిస్టర్ చూపించమని అడగండి, ఏం చెబుతారో మాకు రాయండి. 27వ సెక్షన్ కింద మనుషులకు ముప్పు ఉందనుకుంటే రాష్ట్రం ఏ మందునైనా 60 రోజుల వరకు ఆపవచ్చు. శాశ్వతంగా ఆపే అధికారం ఢిల్లీ దగ్గర ఉంది. ఆ ఢిల్లీ 2020లో 27 మందుల నిషేధానికి ముసాయిదా తెచ్చి, పెద్ద చర్చ నడిపి, 2023లో వాటిలో ఎక్కువ భాగాన్ని వదిలేసింది. పారాక్వాట్ ఆ 27లోనే లేదు. పెనుగంగ అవతల యవత్మాల్‌లో 2017లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. ఒక నదే అడ్డం.

మాకు ఇంకో కోరిక ఉంది, అది ఉప్పల్ రోడ్డు మీది సంస్థలకు. మాకు సన్మానాలు, సెమినార్లు వద్దు. పత్తి, మిర్చి మండలాల్లో వంద కుటుంబాలను ఎంచుకుని మందు కొట్టే కాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి రక్తం తీయండి. కోలినెస్టరేజ్ చూడండి, ఆక్సీకరణ దెబ్బ గుర్తులు చూడండి, డీఎన్‌ఏ చూడండి. అవే మనుషుల్ని పదేళ్లు వదలకుండా చూడండి. మనుషుల్ని మేం కూర్చోబెడతాం, వాళ్ల ఒప్పుకోలు మేం తీసుకుంటాం, వ్యాన్ ఊళ్లోకి రావాలి. ఫలితం మొదట ఆ రైతుకు తెలుగులో చెప్పాలి, పత్రికల సంగతి తర్వాత.

మన తప్పు కూడా ఉంది. కూలి దొరక్క, దొరికినా ఇవ్వలేక గడ్డిమందు పట్టుకున్నాం. కలుపు తీసే మనుషులకు ఇచ్చే డబ్బు కంటే సీసా చవక అని మన సమావేశాల్లో మనమే చెప్పుకున్నాం. దుకాణదారు చెప్పిందే సలహా అనుకుని రెండు మూడు మందులు కలిపి కొట్టాం. ఖాళీ డబ్బాలో ఉప్పు పోసుకున్న ఇళ్లు మాకు తెలుసు. ఇవన్నీ ఒప్పుకుంటూనే అడుగుతున్నాం. కలుపు కూలికి ఉపాధి హామీ పనిదినాలు కలపమని ఎన్నిసార్లు అడిగినా వినిపించుకోని పాలకులు, ఇప్పుడు రైతే విచ్చలవిడిగా వాడుతున్నాడని నీతులు చెప్పడం మేం ఒప్పుకోం.

ఈ నెల నుంచి ప్రతి గ్రామ కమిటీ ఒక నోటుబుక్కు పెట్టాలి. తేదీ, చేను, పంట, మందు పేరు సీసా మీద ఉన్నట్టే, ఎన్ని డబ్బాలు, కొట్టింది ఎవరు, కలిపింది ఎవరు, ఆ రాత్రి తలనొప్పి, వాంతి, కళ్ల మసక ఏమైనా ఉన్నాయా. కూలికి వచ్చినవాళ్ల పేర్లూ రాయాలి, ఆడవాళ్ల పేర్లు తప్పకుండా రాయాలి. ఆసుపత్రికి పోయినవాళ్లు ఆ పేజీ జిరాక్స్ తీసుకుపోయి కేస్ షీటుకు జతచేయమని పట్టుబట్టాలి. మొదటి పుస్తకం మావాడి ఇంట్లోనే మొదలైంది. 30 ఏళ్లు గుర్తుచేసుకుని చెబుతుంటే కోడలు రాస్తోంది, ఆయన చేతిరాత చీమల బారులా చిన్నదై ఎవరికీ అర్థం కావడం లేదు. 1990ల దాకా వచ్చారు. వచ్చే సంచిక లోపు మండల కమిటీలు తమ పుస్తకాల నకళ్లు పంపాలి.